టీ వచ్చిన ఫోటో

ఆ ఊరి పోలీసుల్లో ఆమెను సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే "మేడం", వెనక్కి తిరిగితే "ఏదీ మేడం". ఎవరేం చెప్పినా ఆమె నోట ముందు వచ్చే మాట అదే మరి. "ఆ సందులో దొంగల భయం ఎక్కువండీ" అంటే "ఏదీ, చూపించు" అనేది. "మన గస్తీ వల్లే ఊరు ప్రశాంతంగా ఉందండీ" అంటే "ఏదీ?" అనేది. ఆమె మొగుడు పళ్ళ డాక్టరు. కాపురం మొదట్లో ఆయన "నువ్వు లేకపోతే నేను బతకలేను" అన్నాడట. "ఏదీ, ఒక వారం చూద్దాం" అని ఆమె పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, తిరిగొచ్చేసరికి ఆయన శుభ్రంగా బతికే ఉన్నాడనీ, పైగా కాస్త ఒళ్ళు కూడా చేశాడనీ కానిస్టేబుళ్ళు చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గానీ, ఒళ్ళు చేసిన మాట మాత్రం ఊరంతా ఎరుగుదురు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు అప్పగించిన పని జీపులో కూర్చుని, సైరన్ మోగించుకుంటూ ఊరు చుట్టడం. ఆ మోత వినగానే దొంగలు జడుసుకు చస్తారని పైవాళ్ళ నమ్మకం. దొంగలకు అదెంత ఉపకారమో ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది. జీపు ఏ వీధిలో ఉందో, ఎటు పోతోందో ఊరి ఆ చివర గోడ దూకబోయేవాడికి కూడా సైరనే కబురు మోసుకెళ్ళేది. అప్పుడామె చేసిన పని చూసి స్టేషనంతా పగలబడి నవ్వింది. దొంగతనాలు ఎక్కువ జరిగే మలుపులన్నీ ఏరి, ఒక్కో మలుపు పేరు చెప్పి నాణెం ఎగరేసింది. బొమ్మ పడ్డ చోటికి కానిస్టేబులు నడిచి వెళ్ళి, కాసేపు నిలబడి, నలుగురితో మాట్లాడి రావాలి. బొరుసు పడ్డ చోట పాత పద్ధతే, జీపూ సైరనూ.

"ఇది పోలీసు పనా, బొమ్మా బొరుసాటా మేడం?" అన్నారు.

"వీధులు నేనే ఎంచుకుంటే నాకు నచ్చిన జవాబే వస్తుంది. నాణేనికి మొహమాటం లేదు," అంది.

ఏడాది తిరిగేసరికి బొమ్మ పడ్డ మలుపుల్లో జేబుదొంగలు ఈగలు తోలుకుంటున్నారు. బొరుసు పడ్డ చోట యథాప్రకారం దుకాణం సాగుతోంది. "పక్క వీధికి పోయుంటార్లెండి," అని ఒక పెద్దాయన పెదవి విరిచాడు. "ఏదీ?" అని పక్క వీధులూ చూసొచ్చింది. అక్కడా పెరగలేదు. ఇలా అని తన ఆలోచనల మీద ఆమెకు ప్రేమ ఎక్కువనుకునేరు. ఒకసారి తన ఫోటో వేయించి, జాగ్రత్తలన్నీ అచ్చొత్తించి, ఇంటింటికీ కరపత్రాలు పంచింది. పంచిన వీధులకీ పంచని వీధులకీ ఆవగింజంత తేడా కూడా రాలేదని తేలింది. మర్నాడే ఆపేసి, మిగిలిన కట్టలన్నీ మొగుడి క్లినిక్కులో పీకిన పళ్ళు చుట్టి ఇవ్వడానికి పంపేసింది. చాలాకాలం ఆ ఊళ్ళో పన్ను పీకించుకున్నవాళ్ళు దాన్ని ఆమె నవ్వుమొహంలోనే చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు.

అలా అడుగుతూ, కొలుస్తూ, తప్పయితే ఒప్పుకుంటూ ఎదిగి, చివరికి అదే ఊరి పోలీసులకు పెద్ద అయింది. అయ్యాకే ముక్కు ఇన్‌స్పెక్టరుతో పేచీ పడింది.

ముక్కు ఇన్‌స్పెక్టరు అంటే నేర విభాగం మొత్తం ఆయన గుప్పిట్లో ఉండేది. దొంగను చూస్తే తన ముక్కే చెబుతుందని ఆయన ధీమా. పోయిన సైకిలు హ్యాండిలు వాసన చూసి, సంతలో మూడొందల మందిలోంచి దొంగ చెయ్యి పట్టుకు లాక్కొచ్చాడట. ఫోనులో అబద్ధమాడినా ఆయనకు ఇటు వాసన వచ్చేదట. ఒక చలికాలం ఆయనకు జలుబు చేస్తే, తగ్గేదాకా ఊళ్ళో ఒక్క కేసూ తేలలేదని కానిస్టేబుళ్ళు భక్తిగా చెప్పేవారు. అది పొగడ్త అనుకునే చెప్పేవారు, పాపం!

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ ఏదీ మేడం గదిలోకి, ఆపబోయిన కానిస్టేబుల్ని మోచేత్తో నెట్టుకుంటూ వచ్చింది.

"నువ్వేనా పెద్ద పోలీసమ్మవి? మా అల్లుణ్ణి వదిలెయ్యి."

"కూర్చోండి పెద్దమ్మా. ఎవరు మీ అల్లుడు?"

"వెల్డరు. మందుల షాపులో కత్తి చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడని లోపలేశారు. అమ్మా, వాడంటే నాకు పడదు. మా పిల్ల బతుకు బుగ్గి చేసింది వాడే. కానీ వాడు దొంగ మాత్రం కాదు."

"ఎలా చెప్పగలరు?"

"దొంగతనానికి చురుకుండాలమ్మా! వాడు మధ్యాహ్నం దాకా మంచం దిగడు. షాపులో దొంగపడింది పొద్దున్న తలుపులు తీసే వేళకి. ఆ వేళకి మా వాణ్ణి లేపగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. నేనే రోజూ చెంబుతో నీళ్ళు కొట్టి ఓడిపోతున్నాను."

అత్త అల్లుడి తరఫున రావడమే పెద్ద సాక్ష్యం అనుకోవచ్చు. కానీ ఏదీ మేడం అలా అనుకునే మనిషి కాదు. కేసు తెప్పించి చదివింది. సొమ్ము దొరకలేదు. కత్తి దొరకలేదు. షాపావిడ తప్ప చూసినవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఒక్కటే: ఆ మందుల షాపావిడ, స్టేషన్లో అనుమానితుల ఫోటోలు అంటించిన పలక మీద వెల్డరు మొహాన్ని వేలుపెట్టి చూపించింది. వెల్డరు ఫోటో స్టేషన్లో ఎందుకుందంటే, ఎప్పుడో బండి ఆపిన కానిస్టేబులుతో గొడవ పడ్డాడు. అంతే. ఆ ఒక్క వేలు మీద ఒక మనిషి నెలల తరబడి జైల్లో ఉన్నాడు. అతని వెల్డింగు దుకాణం మూతపడింది. విచారణ రేపో మాపో.

మందుల షాపుకే వెళ్ళి ఆవిణ్ణి అడిగింది. గల్లా దగ్గర స్టూలు మీద కూర్చుని, మందుల పెట్టెలు సర్దుకుంటూ ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది.

"టోపీ కిందకి లాక్కున్నాడండీ. మొహం సగమే కనిపించింది. ఇన్‌స్పెక్టరుగారు పలక ముందు పెట్టారు. మొదట పై వరసలోవాడి మీద వేలు పెట్టాను. 'తొందరేం లేదమ్మా, మళ్ళీ చూడు' అన్నారు. చివరివాడేమో అన్నాను. 'నిదానంగా' అన్నారు. తర్వాత ఇతని మీద పెట్టాను."

"అప్పుడేమన్నారు?"

"ఏమీ అనలేదండీ. తలుపు వైపు తిరిగి 'అమ్మగారికి టీ తెండ్రా!' అని కేకేశారు."

"మొదటి రెండుసార్లూ టీ తెమ్మనలేదా?"

పెట్టె ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. "లేదండీ... కానీ టీ తాగాక నాకు అనుమానమే లేకుండా పోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఇతని మొహమే కనిపిస్తుంది."

ఏదీ మేడం ఒళ్ళు భగ్గుమంది. ఎవరూ అబద్ధమాడలేదు! ఆవిడ కళ్ళారా చూసిందే చెప్పానని నమ్ముతోంది. ఇన్‌స్పెక్టరు మర్యాద చేశానని నమ్ముతున్నాడు. వెనక్కి వచ్చి స్టేషన్లో ఒక్కొక్కళ్ళనే కదిపితే తేలింది: ఆ పలక ముందు కూర్చున్న ప్రతి సాక్షికీ ముక్కు ఇన్‌స్పెక్టరు మనసులో ఉన్న మొహం మీద వేలు పడ్డప్పుడే టీ వస్తుంది. ఏళ్ళ తరబడి సాగుతున్న ఆచారం. టీ మోసే కానిస్టేబులైతే పలక బయటికి తీయగానే కెటిల్ పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేవాడు. సాక్షి వేలు ఎటు జరిగితే ఎప్పుడు అడుగు ముందుకేయాలో అతనికి ఇన్‌స్పెక్టరు మొహం చూస్తేనే తెలిసిపోయేది.

ఇన్‌స్పెక్టరును పిలిచింది.

"ఇకనుంచి ఫోటోలు చూపించేవాడికి మన అనుమానం ఎవరి మీదో తెలియకూడదు. అసలు కేసే తెలియని మనిషి చూపించాలి."

"అంటే నేను మోసం చేస్తున్నాననా మేడం?" ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఇన్నేళ్ళ సర్వీసు. నేను ఒక్క సైగ చేసి ఉంటే ఈ ముక్కు కోయించుకుంటాను."

"సైగ చేస్తున్నట్టు మీకు తెలియదు. అదే నా బాధ."

"తెలియకుండా చేసేది సైగ ఎలా అవుతుంది? టీ ఇవ్వడం కూడా నేరమేనా ఈ దేశంలో?"

వెల్డరు కేసు వెనక్కి తీసుకోవాలంటే పెద్దసారు ఒప్పుకోవాలి. పెద్దసారు అంటే చుట్టుపక్కల ఊళ్ళ పోలీసులందరికీ అధికారి. ఫోను చేస్తే నవ్వేశాడు. "ముక్కు మీద నాకు నమ్మకముంది. నీ దగ్గర రుజువేముంది?" అన్నాడు. ఆమె మాట ఆమెకే అప్పజెప్పానని ఆయనకు మహా సంబరం.

"చూపిస్తాను సార్," అంది.

నెలాఖరుకి ఆఫీసర్లందరికీ శిక్షణ హాల్లో సమావేశం. పెద్దసారు ఉపన్యాసం నడుస్తోంది. ఉన్నట్టుండి పక్క తలుపులోంచి ఒక బక్కపల్చటి మనిషి దూసుకొచ్చి, బల్ల మీదున్న పెద్దసారు టోపీ లాక్కుని, కిటికీలోంచి దూకి మాయమయ్యాడు. దొంగల్ని పట్టడమే వృత్తిగా పెట్టుకున్న అన్ని భుజకీర్తులూ నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తూ ఉండిపోయాయి. వెనక వరసలో ఒకాయన మాత్రం లేచి, "సార్, కంప్లయింటు ఎవరు ఇస్తారు?" అని అడిగాడు.

ఏదీ మేడం నింపాదిగా లేచింది. "కంగారు పడకండి. ఇది నేను ఏర్పాటు చేసిన దొంగతనం. ఇప్పుడు మీరే సాక్షులు."

ఒక్కొక్కరి పేరు చదివి నాణెం ఎగరేసింది. సగం మంది మొదటి గదికి, సగం మంది రెండో గదికి. రెండు గదుల్లోనూ ఒకే పలక, అవే ఫోటోలు. మొదటి గదిలో చూపించేది ముక్కు ఇన్‌స్పెక్టరు. "కింది వరస మధ్యలోవాడి మీద అనుమానం. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే కానివ్వండి," అని ఆయనకు ముందే చెప్పింది. రెండో గదిలో చూపించేది దుస్తుల గిడ్డంగి గుమాస్తా. దొంగా తెలియడు, దొరా తెలియడు. సాక్షులకు ఒక్క మాట మాత్రం చెప్పమంది: "అతను ఈ ఫోటోల్లో ఉండొచ్చు, లేకపోవచ్చు. లేడనిపిస్తే లేడనే చెప్పండి."

పెద్దసారుకి బొమ్మ పడి మొదటి గదికి వెళ్ళాడు. కాసేపటికి ఆ గదిలోంచి "సారుకి టీ!" అన్న కేక హాలు దాకా వినిపించింది. ఆ తర్వాత టీల మీద టీలు. కెటిల్ కానిస్టేబులు మూడుసార్లు నీళ్ళు పెట్టాల్సి వచ్చింది.

అందరూ మళ్ళీ హాల్లోకి చేరారు. రెండో గదివాళ్ళలో ఎక్కువమంది "లేడు" అన్నారు. మిగిలినవాళ్ళు తలొక మొహం చూపించారు. మొదటి గదిలో దాదాపు అందరూ కింది వరస మధ్యలోవాణ్ణే చూపించారు.

"సార్, మీకెంత నమ్మకం?" అని అడిగింది.

"నమ్మకమేమిటి? ఆ కళ్ళు ఈ జన్మలో మర్చిపోను. తల తాకట్టు పెడతాను," అన్నాడు పెద్దసారు.

"టోపీ పట్టుకెళ్ళింది పక్క ఊరి నాటకాలాయన. ఆయన ఫోటో ఆ పలక మీద లేనే లేదు. మీరంతా పట్టుకున్నది మావారిని. పాతికేళ్ళ కిందటి ఫోటో, అందుకే పోల్చుకోలేదు. ఇదిగో, ఇప్పుడు ఇలా ఉన్నారు."

తలుపు తీసుకుని పళ్ళ డాక్టరు వచ్చాడు. ఫోటోలోని మీసమూ లేదు, జుట్టూ లేదు. బుగ్గలు, బొజ్జ మాత్రం ఫోటోలో లేనివి బోలెడు.

"నమస్కారం. ఆలస్యమైనందుకు క్షమించాలి," అన్నాడు. "టోపీ పోయిన సమయానికి నా రెండు చేతులూ పెద్దసారుగారి శ్రీమతి నోట్లో ఉన్నాయి. జ్ఞానదంతం. చాలా మొండిది. కావాలంటే ఆవిడే సాక్ష్యం చెబుతారు, వాపు తగ్గాక."

హాలు గొల్లుమంది. తర్వాత ఎవరో పెద్దసారు మొహం చూశారు. ఆ నవ్వు ఎక్కడికక్కడ తెగిపోయింది.

"ఇది మోసం మేడం!" అన్నాడు ముక్కు ఇన్‌స్పెక్టరు, లేచి నిలబడి.

"మోసమే. ఆట అని మీకు ఇప్పుడు చెప్పాను. వెల్డరుకి ఎవరు చెబుతారు?"

ఏ మనిషైనా ఇక్కడ సిగ్గుపడాలి. తలదించుకుని, ఆ పలక తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాలి. ఇంత పట్టపగలు, ఇంతమంది ఎదుట, ఇంత పెద్ద తలకాయలు తాకట్టుకెళ్ళాక కూడా ఆ పెద్దసారు ఆమెను గదిలోకి పిలిచి ఏమన్నాడు?

"వెల్డర్ని వదిలితే ఊరుకుంటారా? ఇన్నాళ్ళూ ఆ పలక చూపించి లోపలికి పంపిన ప్రతివాడి గురించీ అడుగుతారు."

"అడగాలి సార్."

"శాఖ పరువేం కావాలి?"

"పరువు మనది, జైలు అతనిదీనా?"

"నీ ప్రమోషను నా సంతకం కోసమే ఆగి ఉంది. ఈ తమాషా ఇక్కడితో ఆపు. విచారణలో శాఖ తన కేసు తాను చెప్పుకుంటుంది. నువ్వు ఊళ్ళో లేకపోయినా పర్లేదు. సెలవు పెట్టుకో."

తమాషా అట! ఒక మనిషి బతుకు తెల్లారిపోతుంటే తమాషా! ఆమె సెల్యూట్ కొట్టి బయటికి వచ్చి, కారు తలుపు వేసిన వేటుకి అద్దం బీటలు వారింది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"హాల్లో జరిగింది తెలిసి వెల్డరు లాయరు నన్ను సాక్షిగా పిలుస్తాడట. వెళ్తే నా ఉద్యోగం ఉన్నట్టే ఉండి ఊడుతుంది," అంది.

"వెళ్ళకపోతే?" అన్నాడు మొగుడు.

"అతను ఏళ్ళ తరబడి లోపలుంటాడు. ఆ షాపావిడ కోర్టులో వేలెత్తి చూపిస్తుంది, జడ్జి నమ్ముతాడు. ఆమె అంత నమ్మకంగా చెబుతుంటే నేనే నమ్మేదాన్ని."

"అయితే వెళ్ళు పోలీసమ్మా. నా దగ్గర కాంపౌండరు పని ఖాళీగానే ఉంది. కానీ ఒక్క షరతు. రోగి నొప్పి అంటే 'ఏదీ, చూపించు' అనకూడదు."

"మిమ్మల్ని దొంగగా చూపించినందుకు కోపం లేదా?"

"కోపమా? ఆ ఫోటో నేను బాగున్న రోజుల్ది. ఊరందరికీ చూపించావు, నాకదే చాలు. కాకపోతే ఇవాళ ముగ్గురు రోగులు పర్సు బయట భార్య చేతికిచ్చి లోపలికొచ్చారు."

ఆమె నవ్వింది. నవ్వి, తినడం మొదలుపెట్టింది.

కోర్టులో ఆమె యూనిఫాంలోనే బోనెక్కింది. మొదటి వరసలో ముక్కు ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె టీ సంగతి చెప్పింది. రెండు గదుల సంగతి చెప్పింది. తాకట్టు పెట్టిన తల ఎవరిదో మాత్రం జడ్జి అడిగేదాకా చెప్పలేదు. ఆయన అడిగాడు.

ప్రభుత్వ లాయరు ఎగిరిపడ్డాడు. "మీ సొంత శాఖకే ఎసరు పెడుతున్నారు. మీకు బాధగా లేదా?"

"ఉంది. మా శాఖ పని దొంగను పట్టుకోవడం. వెల్డర్ని పట్టుకోవడం కాదు."

"అంటే ఇతను నిర్దోషి అని మీ దగ్గర రుజువుందా?"

"లేదు. దోషి అనడానికి మీ దగ్గర ఉన్నది రుజువు కాదు, కప్పు టీ. అదే చెప్పడానికి వచ్చాను."

జడ్జి మందుల షాపావిణ్ణి మళ్ళీ పిలిపించాడు. ఆవిడ వెల్డరు వైపు చాలాసేపు చూసింది. "అతని మొహం షాపులో చూశానో, పలక మీద చూశానో నాకిప్పుడు తెలియడం లేదండీ. నన్ను క్షమించండి," అని ఏడ్చేసింది. ఆ మధ్యాహ్నమే కేసు కొట్టేశారు.

ఇంత జరిగాక న్యాయం గెలిచిందని చప్పట్లు కొట్టుకుని ఇంటికెళ్ళొచ్చు అనుకుంటాం. మర్నాడే ఆమెకు బదిలీ ఉత్తర్వు అందింది. పోలీసు గుర్రాల విభాగానికి అధిపతి! ఆ విభాగంలో గుర్రాలు ఎప్పుడో పోయాయి. మిగిలింది ఒక జీను, దాని మీద రోజూ పడుకునే పిల్లి. ముక్కు ఇన్‌స్పెక్టరుకి ప్రమోషను వచ్చింది. ఆ పలకను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గోడకున్న అదే మేకుకి, అలాగే వేలాడుతోంది. తప్పు పట్టినవాడికి పిల్లి, తప్పు చేసినవాడికి నక్షత్రం! ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చేతికి కాస్తయినా వణుకు పుట్టలేదా?

ఆమె ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని నేరుగా జైలుకు వెళ్ళింది. వెల్డర్ని వదిలేది ఆ రోజే. గేటు బయట అత్తగారు అప్పటికే కాపలా కాస్తోంది.

చిన్న తలుపులోంచి వెల్డరు వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. వెలుతురుకి కళ్ళు చిట్లించాడు.

"ఏరా, తిండి పెట్టలేదా వీళ్ళు? పుల్లలా అయ్యావు," అంది అత్తగారు. మాట కరుకే గానీ, అతని మోచెయ్యి పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

వెల్డరు ఏదీ మేడం ముందు నిలబడ్డాడు. దండం పెట్టలేదు. పెడతాడని ఆమె అనుకోనూ లేదు.

"మీరు చెప్పబట్టే వదిలారట," అన్నాడు. "మరి ఆ దొంగ ఎవరు?"

"తెలియదు."

"వెతుకుతున్నారా?"

"లేదు. నిన్ను పట్టుకున్న రోజే వెతకడం మానేశారు. ఇన్నాళ్ళూ ఎవరూ వెతకలేదు."

"నా దుకాణం పోయింది. మా ఆవిడ నలుగురిలోకీ రావడం మానేసింది. ఒక్కడైనా వచ్చి తప్పయిందని చెప్పలేదు మేడం. నన్ను బయటికి పంపేటప్పుడు కూడా లోపలాయన 'ఈసారికి బతికిపోయావు' అన్నాడు."

శాఖ తరఫున మాట్లాడే హక్కు ఆమెకు ఆ పొద్దుటి నుంచీ లేదు. గుర్రాల తరఫున మాత్రమే ఉంది.

"తప్పు మాది," అంది.

"గట్టిగా చెప్పమ్మా," అంది అత్తగారు, జైలు గోడ వైపు గడ్డం చూపిస్తూ. "లోపలివాళ్ళకి కూడా వినపడాలి."

ఏదీ మేడం టోపీ తీసి చంకలో పెట్టుకుని, గేటు వైపు తిరిగి గొంతెత్తింది. "తప్పు మాది! ఇతను దొంగ కాదు! తప్పు పోలీసులది!"

గోడ మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. గార్డు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, మేడం, ఇక్కడ అరవకూడదండీ. రూలు ఒప్పుకోదు."

"నా పేరు రాసుకో," అంది. మళ్ళీ గేటు వైపు తిరిగి, ఈసారి ఇంకా గట్టిగా అరిచింది.